శుక్రవారం ఒత్తిడి

3 ఏప్రిల్ 2094, శనివారం

వడపోత పుస్తకంలో నాలుగే గళ్ళున్నాయి: తేదీ, ఒత్తిడి, కడిగిన నిమిషాలు, సంతకం. కారణాలు రాయడానికి చోటు లేదు. ఇవాళ నేను ఒక మనిషిని పనిలోంచి తీసేశాను. ఎందుకు తీసేశానో ఎక్కడో ఒకచోట ఉండాలి కాబట్టి ఈ నోటుపుస్తకం మొదలుపెడుతున్నాను.

ఆ మనిషి పేరు నూకరత్నం. పదకొండేళ్ళుగా శుక్ర, శనివారాల పంపు పని ఆమెది. మార్చి అయిదు నుంచి ప్రతి శనివారం సాయంత్రానికి ఒత్తిడి ముల్లు దాదాపు 0.2 పైకి జరుగుతోంది. మిగతా అయిదు రోజులూ కదలదు. వడపోత తొట్టిలో ఇసుక కడిగాక ముల్లు 0.8 దగ్గర నిలవాలి. వారం వారం కడిగినా దిగడం లేదు, ఇవాళ 1.7 చూపిస్తోంది.

అందుకని చెప్పకుండా పంపు గదిలోకి దిగి, చేతిలో గడియారంతో గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఇసుక కడగడమంటే పంపు ఆపి, పిడి తిప్పి, నీటిని కింది నుంచి పైకి ఎదురు పంపడం. చిక్కుకున్న మురికి పైకి లేచి, గాజు బుడ్డి ఉన్న గొట్టంలోంచి బయటికి పోతుంది. మూడు నిమిషాలు, తొమ్మిది వందల లీటర్లు. నూకరత్నం ఒక నిమిషం యాభై సెకన్లకి ఆపేసింది. పుస్తకం తీసి మూడు అని వేసింది.

"మూడని రాశావేం?"

ఆమె ఉలిక్కిపడలేదు. "మీ పుస్తకంలో మూడే ఉండాల కదండీ."

"ఆపింది ఒకటీ యాభైకి."

"గాజు బుడ్డిలో నీళ్ళు తేటగా వచ్చీసినాయండి. తేటనీళ్ళు పారబొయ్యడానికి సేతులు రాలేదు. తాగే నీళ్ళు కదేటి."

"ఇసుక శుభ్రపడితే ముల్లు ఎందుకు దిగలేదు?"

"అదే నాకూ తెలీడం లేదండి టీచరమ్మగారూ." మెట్ల వైపు చూసింది. ఇంకేదో అనబోయింది. నేను పుస్తకం మూసేశాను.

నీటి పనిలో పేరు లేని ఇల్లు ఈ కొండ వదిలి తర్వాతి పడవ ఎక్కాలి. అది పంచాయతీ నియమం, నేను పెట్టింది కాదు. అయితే అది పెట్టిన రోజు చేయెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను. తర్వాతి పడవ 25న వస్తుంది. ఆ ఇంట్లో ఉండేది నూకరత్నం, ఎనభై ఒక్కేళ్ళ అత్త అప్పలనరసమ్మ. ముసలావిడకి నడక లేదు.

సర్పంచి పైడిరాజు తల గోక్కున్నాడు. "ఓసారి మందలించి ఒగ్గీండి టీచరుగారూ. పదకొండేళ్ళ మనిషి."

"ఒక్క తప్పుడు అంకెని వదిలేస్తే మిగతా అంకెలు దేనికి పైడిరాజూ?"

పని బోర్డు మీద ఆమె పేరు మీదుగా నేనే గీత గీశాను. స్కేలు పెట్టి గీశాను.

4 ఏప్రిల్, ఆదివారం

ఒత్తిడి 1.7. పలకలు 9.

పలకల సంగతి ఇక్కడ రాయాలి. మేం తాగే ఈత కొలను లోతు చివర నిలబడి గోడకేసి చూస్తే నీటి మట్టం నుంచి కిందికి నీలం పలకల వరసలు ఎన్ని కనబడితే నీళ్ళు అంత తేట. ఫిబ్రవరి మొదట్లో పద్నాలుగు. నెల చివర పడమటి దుమ్ము వచ్చి పన్నెండయింది. ఇప్పుడు తొమ్మిది. నాలుగుకి పడితే తాగునీటి తూము మూసేయాలి. జూన్ వాన దాకా రెండు వందల పద్నాలుగు మందికీ ఉన్న నీళ్ళు ఇవే. కొండ కిందివి సముద్రానివి.

మధ్యాహ్నం నా ఆదివారం పాఠానికి ముప్ఫై ఒక్కరు వచ్చారు. నూకరత్నం రాలేదు.

9 ఏప్రిల్, శుక్రవారం

శుక్ర, శనివారాల పని నేనే తీసుకున్నాను. డెబ్భై నాలుగేళ్ళ మోకాళ్ళకి పంపు గది పదిహేడు మెట్లు. ఉదయం ఆరుకల్లా దిగాను.

ఇది క్రీడా పాఠశాలగా ఉన్నప్పటి గొంతు ఒకటి ఆ గదిలో మిగిలిపోయింది. స్విచ్ వేయగానే పలుకుతుంది: "శిక్షణ సమయం ముగిసింది. దయచేసి కొలను ఖాళీ చేయండి." నూకరత్నం రోజూ దానికి బదులిచ్చేదని మిగతా పంపువాళ్ళు నవ్వుతూ చెప్పారు. "ఎక్కడికి పొమ్మంటావే?" అనేదట. నేను స్విచ్ వేసి ఊరుకున్నాను.

ఆకులు పట్టే బుట్ట తీసి కడిగాను. పంపు మూత రబ్బరుకి కొబ్బరి నూనె రాశాను. చెప్పుకోవలసిన మురికి ఏమీ లేదు.

10 ఏప్రిల్, శనివారం

నిన్న ఉదయం 1.7. ఇవాళ సాయంత్రం 1.9. పలకలు 8.

ఇసుక కడిగాను. గాజు బుడ్డిలో నీళ్ళు ఒక నిమిషం నలభై అయిదు సెకన్లకే తేటపడ్డాయి. నేను ఆపలేదు. మూడు నిమిషాలు పూర్తయ్యేదాకా గడియారం మీంచి కళ్ళు తీయలేదు. అంటే మూడు వందల డెబ్భై అయిదు లీటర్ల తేటనీళ్ళు తోట కాలవలోకి పోయాయి. మనిషికి రోజుకి పదిహేను లీటర్ల చొప్పున ఇరవై అయిదు మందికి ఒక రోజు.

నూకరత్నం చేతిలో పెరిగినట్టే నా చేతిలోనూ 0.2 పెరిగింది. పాత మురికి ఇంకా పోలేదనుకోవాలి. అయిదు వారాల నిర్లక్ష్యం ఒక్కసారి కడిగితే పోదు. ఇది నిజమేనా అని రెండుసార్లు ఆలోచించాను. నిజం కావచ్చు.

13 ఏప్రిల్, మంగళవారం

ఒత్తిడి 1.9. పలకలు 8.

నలభై ఒకటో నంబరు ఇంటి మీదుగా వెళ్ళాల్సి వచ్చింది. వేరే దారి ఉంది, చుట్టు ఎక్కువ. అప్పలనరసమ్మ వాకిట్లో మంచం మీద ఉంది. నన్ను అడుగుల చప్పుడుతో పోల్చుకుంది.

"పంతులమ్మా, ఓ మాట సెప్పు. ఆ పడవలో నాకు కూకోడానికి సోటుంటాదా, తొంగోడానికి ఉంటాదా?"

"కనుక్కుని చెబుతాను."

"కనుక్కో. నువ్వు అన్నీ కనుక్కునే మనిసివి."

పైడిరాజుని అడిగాను. పడవలో పడుకునే చోట్లు ఆరున్నాయి, ఆరూ నిండిపోయాయి. ఆవిడకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

17 ఏప్రిల్, శనివారం

ఒత్తిడి 1.1.

మళ్ళీ రాస్తున్నాను: 1.1. పొద్దున్న 2.0 ఉన్న ముల్లు, కడిగిన తర్వాత 1.1 దగ్గరికి వచ్చి నిలిచింది. ముల్లు మీది అద్దాన్ని వేలితో కొట్టి చూశాను. ఇరుక్కోలేదు. రెండు వారాలు మూడేసి నిమిషాలు కడిగితే దిగింది. మూడు నిమిషాలంటే మూడు నిమిషాలే.

పైడిరాజుకి చూపించాను. "అయితే మీరన్నదే రైటండి" అన్నాడు. పడవ జాబితా తెచ్చాడు. అందులో నూకరత్నం ఇంటి రెండు పేర్లూ నా చేతే రాయించాడు, నా దస్తూరి అయితే అవతలి రేవువాళ్ళు మారు అడగరని. రాశాను.

ఇంటికి వచ్చి మనవరాలు హిమజకి చెప్పాను. "పోన్లే మామ్మా" అని నీళ్ళు తేవడానికి వెళ్ళిపోయింది. కడవ నిండుగానే ఉంది.

19 ఏప్రిల్, సోమవారం

ఒత్తిడి 1.0. పలకలు 6.

ఒత్తిడి దిగితే నీళ్ళు తేటపడాలి. మసక ఎక్కువైంది. పలకలు వేరే వాళ్ళ చేత లెక్కపెట్టించాను. ఒకరు ఆరన్నారు, ఒకరు అయిదున్నర అన్నారు. అర పలక ఏమిటని అడిగితే నవ్వారు.

కుదురు లేదు. అన్నం ముందు కూర్చుని వడపోత పుస్తకంలో మార్చి పేజీలు తిరగేశాను.

21 ఏప్రిల్, బుధవారం

ఒత్తిడి 0.9. పలకలు 5. కడుపునొప్పి అన్నవాళ్ళు పదకొండు మంది, అందులో నలుగురు పిల్లలు. నీళ్ళ వరస దగ్గర బోర్డు మీద "కాచి తాగండి" అని రాశాను. కట్టెలు ఎక్కడున్నాయని ఒకామె అడిగింది. సరైన ప్రశ్నే.

ముల్లు చెప్పేది నమ్మితే వడపోత ఇంత బాగా ఎప్పుడూ లేదు. గోడ చెప్పేది నమ్మితే వడపోతే లేదు. రేపు మూత విప్పాలి.

22 ఏప్రిల్, గురువారం

మూతకి పన్నెండు బోల్టులు. పదింటిని పైడిరాజు విప్పాడు. రెండింటికి కిరసనాయిలు పోసి గంటసేపు కాచుకున్నాం.

లోపల ఇసుక ఇసుకలా లేదు. పైన జిగురు పొర. చేయి పెడితే సున్నుండల్లాంటి గడ్డలు వచ్చాయి, కొన్ని కొబ్బరికాయంత ఉన్నాయి. పక్కన, గోడని ఆనుకుని, నా ముంజేయి పట్టేంత బొక్క అడుగు దాకా దిగింది. నీళ్ళు ఇసుకలోంచి పోవడం మానేసి ఆ బొక్కలోంచి పోతున్నాయి. కొలనులో మురికి కొలనులోకే తిరిగి వస్తోంది. ఎదురులేని నీటికి ఒత్తిడి ఉండదు. పదిహేడో తారీఖున ముల్లు దిగింది అందుకు. ఆ రోజు పేజీలో నేను గర్వంగా రాసుకున్నది ఈ బొక్క చేసిన పనిని చూసి.

పైడిరాజు ఒక గడ్డని వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు. "ఎవురో గంజి పోసినట్టుందండి."

"మూడు నిమిషాలకి బదులు రెండు నిమిషాలు కడిగితే ఇలా గడ్డకడుతుందా?" అని నన్ను నేనే పైకి అడిగాను.

"నన్నడిగితే నాకేటి తెలస్తాదండీ. తెలిసేది నూకరత్నానికి. ఎనిమిదేళ్ళ కిందట ఇసకంతా తీసి కడిగింది అదే కదా."

కడుతుంది, కట్టదు. రెండూ రాసి పెట్టాను. ఒకదాన్ని కొట్టేయాలి. మూత మళ్ళీ బిగించాం. పడవకి మూడు రోజులుంది.

23 ఏప్రిల్, శుక్రవారం

ఆరింటికి పంపు గదికి దిగి, భూతద్దం మరిచిపోయానని ఆరూ ఇరవైకి ఇంటికి తిరిగి వచ్చాను. శుక్రవారం ఆ వేళప్పుడు నేను ఇంట్లో ఉండనని అందరికీ తెలుసు.

హిమజ వంటింటి గట్టు దగ్గర కూర్చుని ఉంది. తలంటు పోసుకుని జుట్టుకి తువ్వాలు చుట్టుకుంది. గంధం సాన మీద ఏదో అరగదీస్తోంది. పక్కన గిన్నెలో పాలలాంటి నీళ్ళు, వాటి పక్కన గుప్పెడు గింజలు.

"ఏమిటవి?"

సాన మీద చేయి ఆగిపోయింది. "చిల్లగింజలు మామ్మా."

"కడవకి ఒక్క గింజ చాలు. గుప్పెడెందుకు?"

"కడవకి కాదు."

కూర్చున్నాను. అడిగినదానికి అడిగినట్టు చెప్పమన్నాను.

"దుమ్ము వచ్చి నీళ్ళు మసకేసినప్పుడు పాఠంలో నువ్వే చెప్పావు కదా. గింజ అరగదీసి కలిపితే నీళ్ళలో మట్టి ఒకదానికొకటి అంటుకుని అడుక్కి దిగుతుందని. వడపోత ఒక్కటే ఎంతని చేస్తుంది, మనమూ సాయం చేయాలని. అందరం కలిసి అనుకున్నాం. ఇంటికి ఒక గింజ, శుక్రవారం తలంటయ్యాక."

"అందరం అంటే?"

"అరవై ఎనిమిది ఇళ్ళూ."

"ఎక్కడ పోస్తారు?"

"నీళ్ళు వడపోతలోకి పోయే చోట, జల్లెడ మూత మీద. అక్కడైతే సరాసరి లోపలికి పోతుంది కదా. ఈమధ్య నువ్వు కింద పంపు గదిలో ఉన్నప్పుడు."

"ఒక గింజ గుప్పెడెప్పుడైంది?"

"మసక పెరుగుతోంటే రెండు చేశాం. తర్వాత అయిదు. ఇప్పుడు గుప్పెడు."

మట్టిని అంటించే జిగురు ఇసుకనీ అంటిస్తుంది. కడవలో అయితే అడుక్కి దిగి ఊరుకుంటుంది, పైనీళ్ళు వంచుకుంటాం. వడపోతలో దిగడానికి అడుగెక్కడిది? మసకని చూసి గింజలు పెంచారు. గింజలు పెరిగినకొద్దీ మసక పెరిగింది.

"నాతో ఒక్కరూ అనలేదేం?"

"అంటే ముందు గింజ బరువెంతో, కొలనులో నీళ్ళెన్నో లెక్క కట్టమంటావు. అందరికీ కంగారుగా ఉంది మామ్మా. అంతసేపు ఎవరాగుతారు?"

"నూకరత్నానికి తెలుసా?"

హిమజ తువ్వాలు విప్పి మళ్ళీ చుట్టుకుంది. "మొదటివారమే చూసింది. 'టీచరమ్మగారికి సెప్పీయండి, ఆవిడ ఊరుకోరు' అంది. నేనే బతిమాలాను, చెప్పొద్దని."

"ఆమె పేరు కొట్టేసిన రోజైనా నోరు విప్పాల్సింది."

"విప్పుదామనే అనుకున్నాను. రోజూ అనుకున్నాను. పోయిన శనివారం ముల్లు దిగిందని నువ్వు అంత సంతోషంగా వచ్చావు. అయితే తప్పు నిజంగా నూకరత్నందేనేమో, గింజలది కాదేమో అనిపించింది. అలా అనుకుంటే హాయిగా ఉండింది."

ఆ గిన్నెలోది తోట కాలవలో పారబోయించాను. మిగతా అరవై ఏడు గిన్నెల కోసం పరుగెత్తాను. యాభై రెండు అప్పటికే పోసేశారు.

24 ఏప్రిల్, శనివారం

పంపు నిన్నే ఆపేశాను. పలకలు 4.

పాఠాల పుస్తకం తీశాను. 28 ఫిబ్రవరి, ఆదివారం: "చిల్లగింజ. కడవకి ఒకటి. వడపోతకి మనమూ సాయం చేయాలి." నా దస్తూరి. కొలనులో వేయకూడదన్న మాట అందులో లేదు. నేను చెప్పనూ లేదు. తర్వాత వచ్చిన శుక్రవారం మార్చి అయిదు.

ఏడు వారాలు ఒకే రోజున ఒత్తిడి పెరిగింది. ఆ వరసలో నేను సంతకాన్ని చూశాను. వారాన్ని చూడలేదు.

నలభై ఒకటో నంబరుకి వెళ్ళాను. నూకరత్నం మూటలు కడుతోంది. గిన్నెలు ఒక మూట, బట్టలు ఒక మూట. అప్పలనరసమ్మ మంచానికి నాలుగు తాళ్ళు కట్టి ఉన్నాయి, మంచంతోనే దింపడానికి. నేను జరిగినదంతా చెప్పాను. గుమ్మంలో నిలబడే చెప్పాను, కూర్చోమనలేదు.

"మూడని రాయడం తప్పేనండి" అంది నూకరత్నం. "అది నా తప్పే."

"అది ఒక్కటే నీది. మిగతాదంతా నాది. నువ్వు నాకు చెప్పి ఉంటే..."

"నానేటి సెప్తానండీ? మీ ఇంటి పిల్లే గిన్నె అట్టుకొచ్చి పోస్తన్నాది. మీ ఇంట్లో మీతో అనలేని మాట నాను పంపు గదిలో అంటే నమ్మీవారా? ఆ రోజు అనబోయినాను. పుస్తకం మూసీసినారు."

మంచం మీంచి అప్పలనరసమ్మ అందుకుంది. "నా కొడుకు సముద్రం మీద పోయిన రోజు కూడా పంపు ఆపలేదమ్మా ఇది."

"రేపు పడవ ఎక్కొద్దు" అన్నాను. "పనిలోకి రా. ఇసుక తీసి కడగాలి. మూడు వందల యాభై కిలోలు. మంచినీళ్ళు వాడే వీలు లేదు."

ఆమె చేతిలో మూట కిందపెట్టింది. నా మీద కోపం ఒకవైపు, ఇసుక ఒకవైపు. ఇసుక సంగతే ముందు బయటికి వచ్చింది. "సముద్రం నీళ్ళతో కడగాలండి. గడ్డలు సేత్తో సిదిపి, ఎండేసి, జల్లెడ పట్టి, ఆకర్న ఒక్క తడవ మంచినీళ్ళు. అడుగున గులకరాళ్ళు ముందు పెద్దవి, తరవాత సిన్నవి. తిరగేస్తే ఇసకంతా గొట్టంలోకి పోద్ది."

"అందుకే నిన్ను రమ్మంటున్నాను."

"పేరు కొట్టీసినప్పుడు బోర్డు మీద స్కేలెట్టి గీసినారండి. అందరూ సూసినారు. అరవై ఎనిమిది కొంపలోళ్ళూ గింజలు పోసినోళ్ళే. ఒక్కరూ నోరు ఇప్పలేదు. ఇప్పుడు మీరు ఇంటికొచ్చి సెవిలో సెబితే సరిపోద్దేటి?"

"సరిపోదు."

"మరి?"

"రేపు అందరి ముందూ చెబుతాను."

ఆమె మళ్ళీ మూట తీసుకుంది. ముడి బిగించింది. విప్పలేదు.

పైడిరాజుని కలిశాను. పడవ పదకొండున్నరకి తాడు విప్పుతుంది. జాబితాలో పేరు కొట్టేయాలంటే రాసినవారి సంతకం, వెళ్ళేవారి సంతకం రెండూ కావాలట. నా సంతకం అక్కడే చేశాను. దాని పక్కన జాగా ఖాళీగా ఉంది.

ఇక జరగవలసినవి:

1. ఉదయం 5.30. తాగునీటి తూము మూసేయాలి. కడవల్లో పట్టి ఉంచిన నీళ్ళు ఇంటికి ఎన్ని ఉన్నాయో రాసుకోవాలి. నాలుగు రోజులు వాటితోనే గడపాలి.

2. 6.00. ప్రతి ఇంటి నుంచీ మిగిలిన చిల్లగింజలు తెప్పించాలి. ఎవరినీ తిట్టకూడదు. నేను కూడా.

3. 6.30. నీళ్ళ వరస దగ్గర ఈ నోటుపుస్తకం మొదటి నుంచి చివరి దాకా పైకి చదవాలి. చదివేది నేను, హిమజ కాదు. పదిహేడో తారీఖు పేజీ దాటేయకూడదు. ఫిబ్రవరి పాఠం కూడా చదవాలి.

4. 7.15. నూకరత్నం పేరు బోర్డు మీద తిరిగి రాయాలి, వడపోత పని మొత్తానికి పెద్దగా. నా పేరు ఇసుక జల్లించేవాళ్ళ కింద రాయాలి. హిమజ పేరు సముద్రం నీళ్ళు మోసేవాళ్ళ కింద.

5. 8.00. ఇసుక తీయడం మొదలుపెట్టాలి. ఇరవై మంది, నాలుగు రోజులు. గులకరాళ్ళ వరస నాకు సగమే తెలుసు.

6. జాబితా మీద నూకరత్నం సంతకం. పై అయిదింటికీ వేళ వేశాను. దీనికి వేయడం నా వల్ల కాలేదు.